రెండు లైట్లు పడే చోటు

నేను ఫిల్మ్‌నగర్‌లో లెక్కల ట్యూషన్లు చెబుతాను. ఈ మాట వినగానే చాలామంది ముఖాలు కాస్త చిన్నబోతాయి. ఫిల్మ్‌నగర్‌లో ఉంటున్నానంటే డబ్బింగ్ చెబుతుంటాననో, కథలు రాస్తుంటాననో వాళ్ళ ఆశ. పెళ్ళయి కోస్తా నుంచి ఇక్కడికి వచ్చిన కొత్తలో మా చుట్టాలు ఫోన్ చేసినప్పుడల్లా "హీరోలు కనిపిస్తారా?" అనే అడిగేవాళ్ళు. కనిపిస్తారు, కార్లలో. ఆ కార్లకు నల్ల అద్దాలుంటాయి కాబట్టి కనిపించారని మనమే అనుకోవాలి. నాకు రోజూ కనిపించేది మాత్రం భిన్నాలంటే వణికే పిల్లలు. మా పక్క మేడ మీద డాన్సర్ కుర్రాళ్ళు సాయంత్రాలు ప్రాక్టీసు చేస్తారు. వాళ్ళ "వన్ టూ త్రీ ఫోర్"కి మా పిల్లల ఎక్కాలు తాళం కలిసి, ఎనిమిదో ఎక్కం చెప్పేటప్పుడు కొందరికి నడుము కూడా ఊగుతుంది. నేను వద్దనను. ఎక్కం వచ్చిందా లేదా అన్నదే నాకు కావాలి.

నాకు కోపం ఎక్కువని మా వీధిలో పేరు. అది నిజమే గానీ, తప్పు చేసిన పిల్లల మీద నాకెప్పుడూ కోపం రాదు. తప్పు చేసిన పిల్లవాడు కనీసం ఏదో ఒకటి ఆలోచించాడు. అర్థం కాకుండానే అర్థమైందని తల ఊపేవాళ్ళను చూస్తే మాత్రం ఒళ్ళు మండుతుంది. అందులోనూ బట్టీ పట్టి అప్పజెప్పేవాళ్ళయితే మరీను.

అలాంటి నా దగ్గరకి, బట్టీ పట్టడమే వృత్తిగా ఉన్న పిల్ల వచ్చి పడింది.

ఆ పాప అయిదో తరగతి. సినిమాల్లో చిన్న వేషాలు వేస్తుంది. మీరు కూడా ఎక్కడో చూసే ఉంటారు, హీరో చెల్లెలి చిన్నప్పటి పాత్రలోనో, ఆస్పత్రి మంచం మీద కళ్ళు మూసుకుని పడుకున్న పిల్లగానో. వాళ్ళ ఇల్లు షేక్‌పేట పాత ఊళ్ళో. తండ్రి జూబ్లీ హిల్స్‌లో ఒక వ్యాపారస్తుడి ఇంట్లో డ్రైవరు, తల్లి ఒక ఆస్పత్రిలో నర్సు. షూటింగులకు వెంట వెళ్ళేది నానమ్మ. పాపను మా ఇంటికి తీసుకొచ్చింది కూడా ఆవిడే. మెట్లెక్కి వచ్చి, కుర్చీ చూపిస్తే వద్దని గడప దగ్గరే చతికిలబడి, ఊపిరి తీసుకుని మొదలుపెట్టింది.

"టీచరమ్మా, జర మీరే చూడుండ్రి. పొల్ల అన్నిట్ల మంచిగనే ఉంటది, లెక్కలకాడికొచ్చేటాల్లకు తెల్లమొఖం వేస్తది. షూటింగులకు పోయి బడి తప్పింది గదా, ఆరో తరగతికి పంపాల్నంటే లెక్కల పరీక్ష మల్ల రాయాలన్నరు బళ్ళె. దీని నాయిన ఏమన్నడో ఎర్కేనా? గీ పరీక్ష ఫెయిలైతే ఇగ షూటింగులు బంద్ అన్నడు."

"మంచి మాటే అన్నాడు కదండీ," అన్నాను నేను. నాకు ఎవరి మీదా అప్పటికి జాలి కలగలేదు.

పాప నా వైపు చూసింది. "టీచర్, నాకు షూటింగ్ ఇష్టం. బడి గూడ ఇష్టం. రెండు గావాలె నాకు," అంది. అడగడం కాదు, చెప్పడం. ఆ చెప్పిన తీరు నాకు నచ్చింది. రేపటి నుంచి రమ్మన్నాను.

పరీక్షలో తప్పకుండా వస్తాయని బడివాళ్ళు చెప్పినవాటిలో వెన్ చిత్రాలు ఉన్నాయి. మా పిల్లలు వాటిని గుండ్రాల లెక్కలంటారు. ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేలా రెండు గుండ్రాలు గీసి, ఇటు పాలు కొనే ఇళ్ళు, అటు పేపరు కొనే ఇళ్ళు, మధ్యలో రెండూ కొనే ఇళ్ళు అని రాస్తాం కదా, అవే. కూడిక, తీసివేత వస్తే చాలు. ఇంతకంటే తేలిక లెక్క పుస్తకం మొత్తంలో ఉండదని నా అభిప్రాయం. అందుకే వాటితోనే మొదలుపెట్టాను.

ఒక వీధిలో ఇరవై ఇళ్ళు. పన్నెండు ఇళ్ళవాళ్ళు పాలు తెప్పించుకుంటారు, పదకొండు ఇళ్ళవాళ్ళు పేపరు తెప్పించుకుంటారు. ఏదీ తెప్పించుకోని ఇల్లు లేదు. రెండూ తెప్పించుకునే ఇళ్ళు ఎన్ని? పన్నెండూ పదకొండూ కలిపితే ఇరవై మూడు. ఇళ్ళేమో ఇరవై. మూడిళ్ళు రెండుసార్లు లెక్కలోకి వచ్చాయన్నమాట. చెప్పాను, బొమ్మ గీశాను, అర్థమైందా అన్నాను. తల ఊపింది.

మర్నాడు వచ్చి నిలబడి లెక్క మొత్తం అప్పజెప్పింది. ప్రశ్నతో సహా! "ఒక వీధిలో... ఇరవై ఇళ్ళు ఉన్నాయి," అని మెల్లగా ఎత్తుకుని, మధ్యలో ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, చివరికి "కాబట్టి రెండూ తెప్పించుకునే ఇళ్ళు... మూడు!" అనేసరికి కళ్ళ నిండా నీళ్ళు. గడప దగ్గరున్న నానమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. పాల ప్యాకెట్ల లెక్కకు ఏడవడం నేను అప్పుడే చూశాను.

"బాగుంది. ఇప్పుడు ఇళ్ళు ఇరవై అయిదు. పాలు పదిహేను, పేపరు పద్నాలుగు. రెండూ ఎన్ని?"

"మూడు!" అంది, అదే గొంతుతో, అవే కళ్ళతో.

ఆ రోజు నా అరుపులకు పక్క మేడ మీద పాట ఆగిపోయింది.

అయితే ఆ పిల్లతో కొద్ది రోజులు గడిచాక ఒక కిటుకు కనిపెట్టాను. బట్టీ పట్టింది చెప్పేటప్పుడు పాప నోట సినిమా డైలాగుల తెలుగు వస్తుంది, "ఉన్నాయి," "తెప్పించుకుంటారు" అని. తనంతట తాను ఆలోచించి చెబితే షేక్‌పేట తెలుగు వస్తుంది. భిన్నాలు చెప్పాక ఒకనాడు, "గిదేంది టీచర్, కింద సంఖ్య పెద్దగైతే ముక్క చిన్నగైతది!" అంది. నాకు పండగైపోయింది. అప్పటి నుంచి జవాబు కంటే ముందు భాష వినేదాన్ని. భిన్నాలకు ఇంటి భాష వచ్చింది, చుట్టుకొలతలకు వచ్చింది. గుండ్రాల లెక్కలకు మాత్రం ఎన్నాళ్ళయినా డైలాగే.

అదీగాక ఆ పిల్ల గుండ్రాలను ఎప్పుడూ దూరం దూరంగా గీసేది. సరే, నేనే ఒకదాని మీద ఒకటి ఎక్కించి గీసి ఇచ్చాను. రెండు గుండ్రాల్లోనూ అంకెలు పోసి, మధ్య చోటును మాత్రం ఖాళీగా వదిలేసింది. ముగ్గు పాడవుతుందన్నట్టు పెన్సిల్ అటు పోనిచ్చేదే కాదు.

పాలూ పేపర్లూ వదిలేసి మా చర్చి సంగతి చెప్పాను. "మా క్వయర్‌లో పద్నాలుగు మంది పాడతారు. సండే స్కూల్లో తొమ్మిది మంది పాఠాలు చెబుతారు. వీళ్ళందరికీ మొన్న టిఫిన్ పెట్టాం. తలా ఒక ప్లేటు, పద్దెనిమిది ప్లేట్లతో అందరూ తినేశారు. ఎలా సరిపోయింది?"

పాప వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. పద్నాలుగూ తొమ్మిదీ ఇరవై మూడు. "మరి అయిదుగురు ఉపాసమా టీచర్?"

"ఉపవాసం ఎందుకుంటారే! పాడేవాళ్ళే పాఠాలూ చెప్పకూడదా? వాళ్ళు మధ్యలో ఉన్నారు!"

"మధ్యల ఎవ్వరు ఉండొద్దు టీచర్," అంది పాప, నాకు తెలియని సంగతేదో చెబుతున్నట్టు.

ఎందుకుండకూడదో అడిగితే చెప్పలేకపోయింది. ఉండొద్దంతే. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కళ్ళనీళ్ళు తెచ్చుకోవడం ఆ పిల్లకు చేతిపని కాబట్టి నిజమైనవో కావో నాకు తెలిసేది కాదు. ఆ రోజు మాత్రం నిజమైనవే అనిపించింది. కోపం చల్లారిపోయి దిగులు పట్టుకుంది. పరీక్ష దగ్గర పడుతోంది. పాపకు వాళ్ళ నాన్న మాట గుర్తుంది, నాకూ గుర్తుంది.

అంతలో ఇంకో చిక్కు వచ్చింది. ఒప్పుకున్న సినిమాకు పరీక్ష ముందు వారంలోనే షూటింగ్ పడింది. నానమ్మ వచ్చి బతిమాలింది. "టీచరమ్మా, మీరు గూడ రారాదుండ్రి. నడుమ నడుమ ఖాళీ మస్తు దొరుకుతది. ఆడనే చెప్పుండ్రి. టిఫిన్ గిట్ల మంచిగుంటది."

టిఫిన్ కోసం కాదు గానీ వెళ్ళాను. ఇన్నేళ్ళు ఫిల్మ్‌నగర్‌లో ఉండి షూటింగ్ లోపలికి వెళ్ళి చూడటం అదే మొదలు. జూబ్లీ హిల్స్‌లో ఒక పెద్ద బంగళా. అందులో ఎవరూ కాపురం ఉండరట, షూటింగులకు కిరాయికి ఇస్తారట. గోడ మీద ఒక కుటుంబం ఫొటోలు ఉంటే ఎవరివని అడిగాను. పోయిన సినిమాలో కుటుంబానివట, తీయడం మరిచిపోయారట. కిటికీలన్నిటికీ నల్లగుడ్డ కట్టి పట్టపగలును రాత్రి చేశారు. హాల్లో వెనకగా ఒక మూల ఇడ్లీ ప్లేటు ఒళ్ళో, లెక్కల పుస్తకం కుర్చీ మీద పెట్టుకుని నేను కూర్చున్నాను. టిఫిన్ నిజంగానే బాగుంది.

ఎదురుగా షాట్ తీస్తున్నారు. సినిమాలో పాపకు తల్లి, తాత ఉన్నారు. నేల మీద చిన్న చిన్న రంగు టేపు ముక్కలు అతికించి ఉన్నాయి. పాపకు ఎర్ర టేపు, తల్లి వేషం ఆవిడకు నీలం, తాత వేషం ఆయనకు పసుపు. మాట్లాడుతూ నడిచొచ్చి, కిందికి చూడకుండానే ఎవరి టేపు దగ్గర వాళ్ళు ఆగాలి. పాప పరుగెత్తుకొచ్చి బొటనవేలు సరిగ్గా ఎర్ర టేపుకు ఆనించి ఆగుతుంటే నేను నోరు తెరిచి చూశాను. నా ఇంట్లో గుండ్రం కూడా సరిగ్గా గీయని పిల్లేనా అనిపించింది.

రెండోసారి తీస్తుంటే తాత వేషం ఆయన డైలాగు ధ్యాసలో పడి, ఒకడుగు ఎక్కువేసి పాప టేపు మీద వచ్చి నిలబడ్డాడు. పాప ఎక్కడ ఆగాలో తెలియక ఆయన్ను గుద్దుకుంది. "కట్!" అని ఒక అరుపు. ఫోకస్ పోయిందని కెమెరా దగ్గర ఒకాయన విసుక్కున్నాడు. మళ్ళీ అందరూ మొదటికి వెళ్ళాలి. మేకప్ సరిచేసుకునే వంకతో పాప నా దగ్గరకి వచ్చి చెవిలో అంది.

"చూసిండ్రా టీచర్? ఒకరి జాగల ఇంకొకరు నిలబడితే గిట్లనే అయితది. అందుకే మధ్యల ఎవ్వరు ఉండొద్దు."

ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టేశాను. ఇన్ని రోజులుగా నేను గీసిన గుండ్రాలను ఆ పిల్ల టేపులనుకుంటోంది! పాలవాళ్ళ చోటు పాలవాళ్ళది, పేపరువాళ్ళ చోటు పేపరువాళ్ళది. మధ్యలో కాలు పెడితే ఎవరో "కట్" అంటారు. చిన్నప్పటి నుంచి తిట్లు తిని నేర్చుకున్న పద్ధతి అది. తన పనిలో అంత శ్రద్ధ ఉన్న పిల్ల, నేను అరిచినంత మాత్రాన దాన్ని ఎలా తప్పుతుంది? నాకు ఆ పిల్ల మీద ఒక్కసారిగా ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను. చుట్టూ జనం లేకపోతే అక్కడే ఎత్తుకునేదాన్ని.

కానీ ముద్దు రావడం వేరు, లెక్క రావడం వేరు. టేపులు కాదు, ఇంకేమిటని చెప్పాలి?

మధ్యాహ్నం హాలు చివర ఇంకో షాట్‌కు లైట్లు సర్దుతున్నారు. చీకట్లో పైనుంచి ఒక లైటు వేశారు. నేల మీద గుండ్రంగా వెలుగు పడింది. ఇంకో పక్క నుంచి రెండోది వేశారు. ఇంకో గుండ్రం. లైటు సర్దుతున్నతను దాన్ని కొంచెం కొంచెం జరుపుతుంటే రెండో గుండ్రం పాక్కుంటూ వచ్చి మొదటిదాని మీదికి ఎక్కింది. ఎక్కినంత మేరా నేల ఇంకా తెల్లగా మెరిసింది. నేను కుర్చీలోంచి లేచిపోయాను. "పాపా, ఇట్ల రా బిడ్డా," అని అతను పిలిస్తే పాప పోయి, ఎవరూ చెప్పకుండానే ఆ మెరిసే చోట నిలబడి గడ్డం పైకెత్తింది.

అతని పని అయ్యేదాకా ఆగి, నేనూ ఆ వెలుగు అంచు దాకా వెళ్ళాను. "ఇక్కడ నీ మీద ఏ లైటు పడుతోంది?"

"రెండు పడ్తున్నయ్ టీచర్. రెండు దిక్కుల వేడి తెలుస్తది మొఖానికి."

"అటు జరుగు. ఇప్పుడు?"

"గా ఒక్కటే."

"మరి రెండు లైట్లూ పడే చోట నిలబడితే ఎవరైనా కట్ అంటారా?"

"ఎందుకంటరు? అదే మంచి జాగ గదా!"

"మన పుస్తకంలో గుండ్రాలు టేపులు కావమ్మా," అన్నాను. "అవి లైట్లు."

పాప కిందికి చూసింది. ఒక కాలు ఇటు గుండ్రంలో, ఒక కాలు అటు గుండ్రంలో పెట్టింది. మళ్ళీ మధ్యలోకి వచ్చింది. పెదాలు కదులుతున్నాయి, లెక్క వేస్తోంది. ఉన్నట్టుండి గంతేసింది. "అట్లయితే చర్చిల అయిదుగురు ఉపాసం లేరు టీచర్! వాళ్ళ మీద రెండు లైట్లు పడ్డయ్. మనమే రెండుసార్లు లెక్కవెట్టినం!"

ఇంటి భాష! నేను చప్పట్లు కొట్టాను. కొట్టకూడదట, పక్క గదిలో ఏదో తీస్తున్నారట. "ఎవరండీ అది?" అని ఒక కుర్రాడు కోపంగా వచ్చాడు. నేను మా పాప టీచర్నని చెబితే ఏమనుకున్నాడో ఏమో, ఒక టీ తెచ్చిచ్చి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత పాపను పట్టడం ఎవరి తరమూ కాలేదు. లోకంలో ఉన్న వాళ్ళందరి మీదా లైట్లు వేయడం మొదలుపెట్టింది. టీ తాగేవాళ్ళ మీద ఒకటి, కాఫీ తాగేవాళ్ళ మీద ఒకటి. నానమ్మ ఎటున్నావని అడిగితే, "ఏదిస్తే అది తాగుత బిడ్డా," అని ఆవిడ మధ్యలో పడింది. డ్యూటీ దిగి పాపను తీసుకెళ్ళడానికి యూనిఫాంలోనే వచ్చే తల్లి కూడా మా గడప దగ్గర రెండు లెక్కలు చెబితే గానీ కదలనిచ్చేది కాదు. ఆమె సరదా మనిషి, కావాలని తప్పు చెప్పి పాపతో తిట్లు తినేది.

పరీక్ష రోజు పొద్దున ట్యూషన్ పుస్తకం తిరగేస్తూ నేను ఉలిక్కిపడ్డాను. ఏ గుండ్రంలోనూ లేనివాళ్ళు ఉండే లెక్కలున్నాయి. పాలూ పేపరూ ఏవీ తెప్పించుకోని ఇళ్ళు. ఈ లైట్ల సంబరంలో పడి అవి చెప్పనేలేదు! చెప్పులేసుకుని ఆటో పట్టుకుని షేక్‌పేట బడికి పరుగెత్తాను. అప్పటికే పాప లోపలికి వెళ్ళిపోయింది. గేటు దగ్గర నానమ్మ ఉంది. "ఏం ఫికర్ జేయకుండ్రి," అని ఆవిడ నాకు ధైర్యం చెబుతూ, తను మాత్రం కొంగు చివర ముడివేయడం, విప్పడం. ఫ్లైఓవర్ మీద పోయే బస్సుల్ని చూస్తూ ఇద్దరం నిలబడ్డాం. నేను ఏ దేవుణ్ణి తలుచుకుంటున్నానో ఆవిడ అడగలేదు, ఆవిడ ఎవరిని తలుచుకుంటోందో నేనూ అడగలేదు. ఇద్దరం గట్టిగానే తలుచుకున్నాం.

పాప బయటికి వచ్చింది. పరుగెత్తలేదు, నింపాదిగా వచ్చింది.

"టీచర్, ఒక లెక్కల నలభై మంది పిల్లలు. ఇరవై రెండు మందికి బొమ్మలేసుడు ఇష్టం. పంతొమ్మిది మందికి పాటలు. ఆరుగురికి ఏదీ ఇష్టం లేదంట."

"నేను చెప్పలేదమ్మా అది. తప్పు నాదే. ఏం రాశావు?"

"గా ఆరుగురి మీద ఏ లైటు పడలే టీచర్. షూటింగ్ చూడనీకి వచ్చి చీకట్ల నిలబడ్తరు సూడుండ్రి, గట్ల. ముందుగాల వాళ్ళను పక్కకు పంపిన. ముప్పై నాలుగు మంది మిగిలిండ్రు. మధ్యల ఏడుగురు."

నేను మనసులో వేసి చూసుకున్నాను. ఇరవై రెండూ పంతొమ్మిదీ నలభై ఒకటి. ముప్పై నాలుగు తీస్తే ఏడు. అక్కడే రోడ్డు మీద, ఈసారి ఎవరు కట్ అంటారో చూద్దామని, ఆ పిల్లను ఎత్తుకున్నాను. పదేళ్ళ పిల్ల, నడుము పట్టేసింది.

పాప పాసయింది. ఆ ఆదివారం సాయంత్రం నేను చర్చి నుంచి వచ్చేసరికి కుటుంబమంతా స్వీట్ డబ్బాతో మా మెట్ల మీద ఉన్నారు. తండ్రిని నేను చూడటం అదే మొదటిసారి. పొడుగ్గా, సన్నగా, తెల్ల చొక్కాలో, చేతిలో కారు తాళంతో నిలబడి ఉన్నాడు. ఈయన్నేనా నేను ఇన్నాళ్ళూ గంభీరంగా ఊహించుకున్నది అనిపించింది. మనిషి మహా మెత్తన.

"మాటంటే మాటే మేడం. షూటింగులకు పోనియ్యుండ్రి అన్న ఇంట్ల," అన్నాడు. "నేను చదువు నడుమల ఆపిన. గది గుర్తొచ్చి భయపడి అన్న గంతే. ఏం లెక్కనో గానీ ఇంట్ల అందరు లైట్లు లైట్లు అంటున్నరు. జర నాకు గూడ చూపియ్యి బిడ్డా."

అందరం మేడ మీదికి వెళ్ళాం. పాప నా చాక్‌పీస్ తీసుకుని నేల మీద రెండు పెద్ద గుండ్రాలు గీసింది, ఒకదాని మీద ఒకటి ఎక్కేలా. "డాడీ, ఇది బడి. ఇది షూటింగ్. బడికి వచ్చేటోళ్ళు ఈడ, షూటింగ్‌కు వచ్చేటోళ్ళు ఆడ." బడి మీటింగులకు వెళ్ళేది తల్లి కాబట్టి ఆమెను చేయి పట్టుకుని బడి గుండ్రంలో నిలబెట్టింది. నానమ్మను షూటింగ్ గుండ్రంలో నిలబెట్టింది. తను మధ్యలోకి వెళ్ళి, అలవాటు కొద్దీ గడ్డం పైకెత్తింది. బొమ్మ చక్కగా కుదిరింది. నాకు గర్వంగా ఉంది.

తండ్రి నవ్వుతూ చూస్తున్నాడు. "మరి నేను యాడ నిలబడాలె?"

పాప ఆయన వైపు చూసింది. ఒక గుండ్రం చూసింది, ఇంకోటి చూసింది. నిజంగా ఆలోచించింది.

"నువ్వు బయట డాడీ," అంది.

"ఏందే గట్లంటవు నాయినను," అని నానమ్మ కసిరింది. తల్లి నా వైపు చూసింది, మీరేదైనా అనండి అన్నట్టు. నేనేమనను? జవాబు తప్పయితే దిద్దేదాన్ని. ఆ పిల్ల సరిగ్గానే చెప్పింది.

ఆయన నవ్వు పూర్తిగా పోలేదు, సగం మిగిలింది. తాళం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "మా సార్ పిల్లల బడికైతే దినాం పోత మేడం," అన్నాడు నాతో. "గేటు కాడ ఏ చెట్టు కింద నీడుంటదో గూడ నాకు ఎర్కే. నా బిడ్డ బడి ఎట్లుంటదో తెల్వదు."

భార్య వైపు తిరిగి అడిగాడు. "మీటింగ్ ఎప్పుడుంది?"

"శనివారం."

"నేను గూడ వస్త."

"డ్యూటీ?"

"సార్‌ను అడుగుత. ఒక్క పూట."

అని బడి గుండ్రం వైపు కదిలాడు. పాప గబుక్కున చెయ్యి అడ్డం పెట్టింది. "ఇప్పుడే రావొద్దు డాడీ! ఇంక బడికి రాలేదు గదా. వచ్చినంక రావాలె." అందరం పగలబడి నవ్వాం. ఆయన కూడా నవ్వి, వెనక్కి తగ్గి, బయటే నిలబడి స్వీట్ తిన్నాడు. వాళ్ళు వెళ్ళిపోయాక నాకు మాత్రం స్వీట్ సయించలేదు. వస్తానన్నవాళ్ళు రాకపోవడం ఎన్ని ఇళ్ళలో చూడలేదు నేను! అందులోనూ డ్రైవరు సెలవు యజమాని మాట మీద ఉంటుంది. ఆ వారం మేడ కడగడానికి వచ్చిన ఆమెను ఆ గుండ్రాల జోలికి పోవద్దన్నాను.

శనివారం మధ్యాహ్నం మెట్ల మీద దబదబా అడుగుల చప్పుడు. పాప మా ఇంట్లోకి తొంగి కూడా చూడకుండా నేరుగా మేడ మీదికి పోయింది. వెనకాల తల్లి, ఆ వెనక ఆయన, తెల్ల చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుపోయి, ఒగరుస్తూ. "పోయినం మేడం," అన్నాడు నన్ను చూసి. "టీచర్లందరు నన్ను కూసోమన్నరు. చిన్న బెంచీల మీద."

నేనూ వాళ్ళ వెనకే ఎక్కాను. ఎండకు గీతలు కాస్త వెలిశాయి గానీ కనిపిస్తున్నాయి. పాప అప్పటికే మధ్యలో నిలబడి ఉంది.

"ఇగ రా డాడీ," అంది.

ఆయన వంగి బూట్లు విప్పి గోడవారగా పెట్టాడు. తర్వాత గీత మీద కాలు పడకుండా దాటి, లోపలికి వచ్చాడు.